ఆవిష్కరణ అయిన మర్నాడు

మన క్లబ్‌లో తరచూ వినపడే మాట ఒకటుంది: ఆవిష్కరణ. పుస్తకావిష్కరణ, పోస్టర్ ఆవిష్కరణ, ఊళ్లో అయితే విగ్రహావిష్కరణ. ముసుగు తీస్తారు, చప్పట్లు కొడతారు, ఫొటో దిగుతారు, తర్వాత సమోసా, టీ. ఇన్నోవేషన్ అనే మాటకి కూడా మన పేపర్లు ఇదే పదం వాడతాయి. నవకల్పన అని ఇంకో మంచి మాట ఉంది గానీ ఎవరూ పెద్దగా వాడరు. రెండు వేరు వేరు పనులకి ఒకే పేరు. ఇన్నాళ్లూ అది నాకు మామూలుగానే అనిపించింది. ఈ సెమిస్టర్ సోషల్ ఇన్నోవేషన్ అనే ప్రాజెక్ట్ కోర్సు చేశాక మాత్రం, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆ రెండు అర్థాలూ నిజంగానే కలిసిపోయాయని అనిపిస్తోంది. డెమో రోజు ముసుగు తీస్తాం. ఫొటో దిగుతాం. గిట్‌హబ్ లింక్ రెజ్యూమెలో పెడతాం. మర్నాటి నుంచి ఆ ప్రాజెక్ట్ వైపు ఎవరూ చూడరు.

ఆ మర్నాడు గురించే ఇక్కడ రాయాలనుకుంటున్నాను.

ముందు ఈ కోర్సు ఏంటో చెప్తాను, ఎందుకంటే వచ్చే ఏడాది మీలో చాలామంది దీన్ని తీసుకుంటారు. మనం చేసే మామూలు మినీ ప్రాజెక్ట్‌లో సమస్య మనదే. టాపిక్ మనమే ఎంచుకుంటాం, డేటాసెట్ కాగిల్‌లో దొరుకుతుంది, అక్యూరసీ తొంభై దాటితే పని అయిపోయినట్టే. సోషల్ ఇన్నోవేషన్‌లో సమస్యకి వేరే ఓనర్ ఉంటారు. వాళ్లకి మన సెమిస్టర్ డేట్లతో సంబంధం లేదు, మన అక్యూరసీతో అసలే లేదు. ఆ మనిషి రోజు కొంచెమైనా తేలికైందా లేదా అన్నదే రిజల్ట్.

ఇన్నోవేషన్ అనగానే కొత్త వస్తువే అనుకుంటాం. అలా కానక్కర్లేదు. మన దగ్గరి ఉదాహరణే చూడండి: 108. 2005 ఆగస్ట్ 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్‌ఐ ఆ సర్వీస్ మొదలుపెట్టేనాటికి అంబులెన్సులు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి, ఆసుపత్రులు ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఏంటంటే ఒకే నంబర్, ఆ కాల్ ఎత్తే కంట్రోల్ రూమ్, బండిలో ట్రైనింగ్ అయిన మనిషి. ఉన్నవాటి మధ్య లేని లింకు వేశారు. మన భాషలో చెప్పాలంటే కొత్త అల్గారిథమ్ ఏమీ రాయలేదు, సిస్టమ్ డిజైన్ చేశారు. ఇప్పుడు ఊళ్లో చదువురాని అవ్వ కూడా 'నూట ఎనిమిదికి కొట్టు' అంటుంది.

సరే, దీన్ని కాలేజీలో ఎలా నేర్పాలి? పుస్తకంతో కుదరదు కాబట్టి ప్రాజెక్ట్‌తో నేర్పుతారు. ఈ పద్ధతి పాతదే. డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ యూనివర్సిటీ 1974లో మొదలైనప్పటి నుంచీ ప్రాజెక్టుల చుట్టూనే చదువు నడుపుతోంది. మనకి ఇంకా బాగా పనికొచ్చే ఉదాహరణ అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ. అక్కడ 1995లో ఎడ్వర్డ్ కోయల్, లియా జేమీసన్ అనే ప్రొఫెసర్లు ఎపిక్స్ అనే ప్రోగ్రామ్ పెట్టారు. పూర్తి పేరు ఇంజినీరింగ్ ప్రాజెక్ట్స్ ఇన్ కమ్యూనిటీ సర్వీస్. పేరు చూస్తే ఎన్‌ఎస్‌ఎస్ లాంటిది అనుకుంటాం. కానీ దాని కీలకం సేవలో లేదు, టీమ్‌ని కట్టే పద్ధతిలో ఉంది. ఒకే టీమ్‌లో ఫస్ట్ ఇయర్ వాళ్ల నుంచి ఫైనల్ ఇయర్ వాళ్ల దాకా ఉంటారు. ఒకే విద్యార్థి వరుసగా కొన్ని సెమిస్టర్లు అదే టీమ్‌లో ఉండొచ్చు. పైవాళ్లు పాసై వెళ్లిపోతే కిందవాళ్లు పైకొస్తారు, కొత్తవాళ్లు చేరతారు. ఆ టీమ్ ఒక స్థానిక సంస్థతో ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అంటే విద్యార్థులు మారతారు, ప్రాజెక్ట్ మారదు. మన దగ్గర దీనికి సరిగ్గా తలకిందులు: విద్యార్థులు నాలుగేళ్లు ఇక్కడే ఉంటారు, ప్రాజెక్టులే ఆర్నెల్లకోసారి చచ్చిపోతుంటాయి.

ఇక మనం ఉన్న చోటు సంగతి. సైబర్ టవర్స్ ప్రారంభమైందీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైందీ ఒకే ఏడాది, 1998లో. ఆ ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లోనే 2015 నవంబర్‌లో టీ-హబ్ వచ్చింది. 2022 జూన్‌లో అది రాయదుర్గంలో పెద్ద బిల్డింగ్‌లోకి మారింది. 2023 మార్చిలో అక్కడే వస్తువుల ప్రోటోటైప్‌లు చేసుకోవడానికి టీ-వర్క్స్ తెరిచారు. ఐడియా ఉన్న పిల్లలకి ఇంత దగ్గర్లో ఇన్ని సౌకర్యాలు దొరకడం చిన్న విషయం కాదు, నేను దాన్ని వెక్కిరించడం లేదు. కాకపోతే ఈ గాలి పీల్చుకుంటూ చదివేసరికి మనకి తెలియకుండానే ఒక అలవాటు పట్టుకుంది. ఎవరి కష్టం గురించి విన్నా మొదటి ప్రశ్న 'మార్కెట్ ఎంత?', రెండోది 'స్కేల్ అవుతుందా?'. డబ్బు కట్టలేని మనిషి సమస్య ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. ఆగకూడదని చెప్పే కోర్సు మన కరిక్యులమ్‌లో బహుశా ఇదొక్కటే.

సీడీల్లో వచ్చిన పత్తి చేలు

మా కోర్సులో నాకు బాగా నచ్చిన కేస్ స్టడీ ఈ-సాగు. దీని గురించి మన బ్యాచ్‌లో చాలామందికి తెలీదు, కానీ జరిగింది మన పక్కనే, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో. ప్రొఫెసర్ పి. కృష్ణారెడ్డి టీమ్ మీడియా ల్యాబ్ ఏషియాతో కలిసి 2004లో దీన్ని మొదలుపెట్టింది. వరంగల్ జిల్లాలో మూడు ఊళ్లు, వెయ్యికి పైగా పత్తి పొలాలు. పత్తి అంటే తెలుసుగా, పురుగు కనిపించిన రోజు సరైన మందు కొట్టకపోతే పంట పోతుంది, తప్పు మందు కొడితే అప్పు పెరుగుతుంది. సలహా చెప్పగల శాస్త్రవేత్తలు కొద్దిమందే, పొలాలు వేలల్లో. శాస్త్రవేత్త ప్రతి పొలానికీ వెళ్లలేడు.

వాళ్లు ఏం చేశారంటే, ఊళ్లోనే కాస్త చదువుకున్న, సేద్యం తెలిసిన వాళ్లని కోఆర్డినేటర్లుగా తీసుకున్నారు. వాళ్లు క్రమం తప్పకుండా ఒక్కో పొలానికి వెళ్లి డిజిటల్ కెమెరాతో ఆకులు, కాయలు, పురుగులు ఫొటోలు తీసేవాళ్లు. ఆ ఫొటోలు హైదరాబాద్‌లో ఉన్న వ్యవసాయ నిపుణులకి చేరాలి. 2004లో ఊరి డయల్-అప్ కనెక్షన్ మీద అన్ని ఫొటోలు పంపడం అయ్యే పని కాదు. అందుకని సీడీలో రాసి కొరియర్‌లో పంపారు! నిపుణులు ఆ ఫొటోలు, పొలం పాత రికార్డు కలిపి చూసి సలహా రాసేవాళ్లు. సలహా అంటే కొన్ని లైన్ల టెక్స్ట్, అది డయల్-అప్‌లో హాయిగా తిరిగి వచ్చేది. కోఆర్డినేటర్ దాన్ని తీసుకెళ్లి రైతుకి అందించేవాడు.

నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ చదివిన వాళ్లకి ఇది చూస్తే ముచ్చటేస్తుంది. పైకి వెళ్లే డేటా ఎక్కువ, కిందకి వచ్చే డేటా తక్కువ, కాబట్టి రెండు దారులు వేరు చేశారు. ఒకటి కొరియర్ బండి, ఇంకొకటి ఫోన్ లైను. రైతు అడగకముందే సలహా ఇంటికొస్తుంది, అతను కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. ఇవాళ మనం అయితే ఏం చేస్తాం? యాప్ చేసి 'రైతు ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తాడు' అని స్లైడ్‌లో రాస్తాం. ఆ ఒక్క వాక్యంలో ఎంత పని రైతు నెత్తిన పెట్టామో మనకి కనపడదు. ఈ-సాగు ఆ పనిని జీతమిచ్చి ఒక మనిషి చేత చేయించింది. నా దృష్టిలో అసలు ఇన్నోవేషన్ ఆ కోఆర్డినేటరే. కెమెరా, సీడీ, డేటాబేస్ అన్నీ అతని చేతిలో పనిముట్లు.

ఇలాంటివాటిలో కష్టమైన ప్రశ్న కూడా అక్కడే ఉంది. మనిషిని పెడితే ప్రతి సీజన్‌కీ అతని జీతం ఎవరిస్తారు? సాఫ్ట్‌వేర్ ఒకసారి రాస్తే పడి ఉంటుంది, మనిషి అలా పడి ఉండడు. మన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో 'ఫ్యూచర్ స్కోప్' అని చివర్లో ఒక పేరా రాస్తాం చూడండి, అందులో ఈ జీతం లెక్క ఒక్కసారి కూడా నేను చూడలేదు.

ఏడేళ్ల ప్రాజెక్ట్

ఇంకో కథ మీకు తెలిసే ఉంటుంది, 2019లో సినిమా కూడా వచ్చింది. చింతకింది మల్లేశం గారు. ఆలేరు దగ్గర శారాజీపేట, చేనేత కుటుంబం. టై అండ్ డై చీరకి రంగులు అద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ పోస్తారు, దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. రోజుకి రెండు చీరలంటే 18,000 సార్లు. ఆయన తల్లి లక్ష్మి గారి భుజం ఆ పనితో పట్టేసేది. ఆరో తరగతితో చదువు ఆపేసిన మల్లేశం 1992లో దానికి మిషన్ చేయడం మొదలుపెట్టారు. పూర్తయింది 1999లో. చివరి చిక్కు బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో పని చేస్తుండగా అక్కడి మిషన్ కదలిక చూసి విడిపోయిందని ఆయన చెప్తారు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథని మనవాళ్లు మోటివేషన్ స్పీచుల్లో వాడి వాడి అరగదీశారు. 'డిగ్రీ లేకుండానే సాధించాడు, మీరెందుకు సాధించలేరు' టైపు. నాకు మాత్రం ఇందులో ముఖ్యమైన నంబర్ ఏడు. ఏడేళ్లు. అంటే పద్నాలుగు సెమిస్టర్లు. మొదటి రెండు మూడేళ్లలో ఆయన్ని ఎవరైనా రివ్యూ చేసి ఉంటే ఎన్ని మార్కులు వేసేవాళ్లు? మధ్యలో డబ్బుల్లేక హైదరాబాద్ వచ్చి పనిచేసుకుంటూ, మిగిలింది మళ్లీ మిషన్‌లో పెట్టిన మనిషి. ఆయనకి ఉన్నదీ మనకి లేనిదీ ఒకటుంది: యూజర్ ఇంట్లోనే ఉంది. ప్రతి రాత్రీ భుజం నొప్పి అంటోంది. టెస్టింగ్‌కి గూగుల్ ఫామ్ పంపాల్సిన అవసరం లేదు.

మనకి ఏడేళ్లు లేవు. పదహారు వారాలు ఉన్నాయి, అందులో రెండు మిడ్‌లకి పోతాయి. ఇక యూజర్ మన ఇంట్లో ఉండదు. కాబట్టి ఈ కోర్సులో నేర్పాల్సిన అసలు విద్య ఏంటంటే, తక్కువ టైమ్‌లో సమస్యకి దగ్గరగా వెళ్లడం, మనం వెళ్లిపోయినా పని ఆగకుండా వదిలి వెళ్లడం. మొదటిది మా కోర్సులో బాగానే నేర్పారు. రెండోది నేర్పే ఏర్పాటు లేదు.

ఒకే ఫ్లోర్, మూడు కంపెనీలు

మాకు ఒక రూల్ ఉండేది: మొదటి నాలుగు వారాలు ల్యాప్‌టాప్ తెరవకూడదు. మనుషులతో మాట్లాడాలి, నోట్‌బుక్‌లో రాయాలి, సొల్యూషన్ అనే మాట ఎత్తకూడదు. మేం ఐదుగురం. ఐటీ బిల్డింగుల్లో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లతో మాట్లాడదామనుకున్నాం. మధ్యాహ్నం మూడు, మూడున్నరకి మొదటి షిఫ్ట్ దిగి రాయదుర్గం మెట్రో కింద షేర్ ఆటోల కోసం నిలబడతారు. మనం రోజూ చూసే వాళ్లే. యూనిఫామ్ మీద స్వెటర్ వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బా ఉన్న కవర్‌తో.

ఇంగ్లిష్ మీడియం పిల్లల తెలుగు వాళ్లకి నవ్వొచ్చింది, అదొక రకంగా మంచిదే అయ్యింది. రెండో వారానికి 'ఏం బిడ్డా, ఇయ్యాల పరీక్షలు లేవా' అని వాళ్లే పలకరించేవాళ్లు. జీతం గురించి, ఆటో కిరాయి గురించి, సూపర్‌వైజర్ గురించి చాలా చెప్పారు. అన్నిట్లో మళ్లీ మళ్లీ వచ్చింది ఒకటే: పీఎఫ్. 'నెల నెలా కోస్తున్నరు. ఎటు వోతున్నయో ఎరుక లేదు.'

మీలో చాలామంది ఇంకో రెండేళ్లలో ఉద్యోగంలో చేరతారు కాబట్టి లెక్క ఒకసారి చెప్తాను. బేసిక్ 12,000 రూపాయలు అనుకోండి. అందులో 12 శాతం, అంటే 1,440 ఉద్యోగి నుంచి కోస్తారు. యజమాని కూడా 12 శాతం వేయాలి, కానీ అదంతా పీఎఫ్‌లోకి రాదు. 8.33 శాతం, సుమారు వెయ్యి రూపాయలు, పెన్షన్ ఖాతాకి పోతుంది. మిగిలిన 3.67 శాతం, 440 రూపాయలు, పీఎఫ్‌లో పడతాయి. ఇది కాక ఈఎస్‌ఐకి ఉద్యోగి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. పీఎఫ్ ఖాతాకి 2014 నుంచి యూఏఎన్ అనే పన్నెండు అంకెల నంబర్ ఇస్తున్నారు. ఉద్యోగం మారినా ఆ నంబర్ మారకూడదు, అందుకే దాన్ని తెచ్చారు.

మా టీమ్‌లో మొదటి రోజు నుంచే ఒక ఐడియా తిరుగుతోంది: తెలుగులో మాట్లాడే పీఎఫ్ చాట్‌బాట్. వాయిస్‌లో అడిగితే వాయిస్‌లో చెప్తుంది. డెమోకి అద్భుతంగా ఉంటుంది. నాలుగు వారాల రూల్ వల్ల అది నోట్‌బుక్‌లోనే ఉంది. ఈలోపు తెలిసిందేంటంటే, పీఎఫ్ ఆఫీస్‌కి ఎస్సెమ్మెస్ పంపితే బ్యాలెన్స్ తెలుగులోనే తిరిగొచ్చే సర్వీస్ ఉంది. మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్ వచ్చేదీ ఉంది. అంటే మేం చేద్దామనుకున్న దాంట్లో సగం ఆల్రెడీ ఉంది, ఫ్రీగా, స్మార్ట్‌ఫోన్ లేకుండా. మరి వీళ్లకి ఎందుకు అందట్లేదు?

అడిగితే ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. ఖాతాకి లింక్ అయిన మొబైల్ నంబర్ వాళ్లది కాదు. ఒకరికి సూపర్‌వైజర్ నంబర్, ఒకరికి కొడుకు ఎప్పుడో పారేసిన సిమ్. ఆధార్‌లో పేరు ఒకలా, పీఎఫ్‌లో ఇంకోలా: ఇంటిపేరు ముందూ వెనకా అయితే చాలు, ఖాతా కదలదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఒక అక్క చెప్పింది. ఆమె ఆరేళ్లుగా అదే బిల్డింగ్‌లో అదే ఫ్లోర్ తుడుస్తోంది. ఆ ఆరేళ్లలో హౌస్‌కీపింగ్ కాంట్రాక్ట్ మూడు కంపెనీలు మారింది. ఆమె దృష్టిలో ఉద్యోగం మారలేదు, యూనిఫామ్ రంగే మారింది. కాగితాల మీద మాత్రం మూడు ఉద్యోగాలు. రెండో కంపెనీ వాళ్లు పాత నంబర్ అడగకుండా కొత్త యూఏఎన్ తెరిచేశారు. దాంతో ఆమె డబ్బు రెండు చోట్ల ఉంది, ఒక చోటు సంగతి ఆమెకే తెలీదు.

దీనికి చాట్‌బాట్ ఏం చేస్తుంది? 'మీ యూఏఎన్ చెప్పండి' అని చాలా స్పష్టమైన తెలుగులో అడుగుతుంది. అంతే.

ఐదో వారంలో మేం చేసింది రెండు పనులు. ఒకటి, ఒకే పేజీ కాగితం. నెల జీతం చీటీలో ఏ గడి ఏంటి, ముందు ఏ నంబర్ సరిచూసుకోవాలి, పేరు తేడా ఉంటే ఎవర్ని ఏ కాగితం అడగాలి. ఈ పేజీ రాయడమే సెమిస్టర్‌లో అన్నిటికంటే కష్టమైన పని, కోడింగ్ కంటే. ప్రభుత్వ తెలుగులో భవిష్య నిధి అంటారు, ఆటో స్టాప్‌లో ఆ మాట ఎవరికీ పట్టదు. పీఎఫ్ పైసలు అంటే అందరికీ తెలుసు. యూఏఎన్‌ని 'పన్నెండు అంకెల నంబర్' అని రాశాం. నామినీ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. 'మీ తర్వాత ఎవరికి' అని రాస్తే అపశకునంలా ఉంటుందేమో అని మాలో ఒకమ్మాయి అంది. ఆటో స్టాప్‌లో అడిగితే ఒక పెద్దమ్మ 'గట్లనే రాయండి బిడ్డా, సమజైతది' అంది. సాహిత్యం క్లబ్‌లో ఉన్నందుకు నాకు నిజంగా పనికొచ్చిన రోజు అది.

రెండోది, శనివారం సిట్టింగ్. మూడున్నరకి ఆటో స్టాప్ పక్కన చెట్టు కింద ఇద్దరం కూర్చుంటాం. వాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల చేత్తోనే, నంబర్ ఉందో లేదో చూపిస్తాం. ఓటీపీ మేం చూడం, అడగం, రాసుకోం. ఇది మేం ముందే పెట్టుకున్న నియమం, ఎందుకంటే 'పిల్లలొచ్చి పీఎఫ్ చూసిపెడతారు' అని అలవాటైతే రేపు ఇంకెవరో మోసగాడు అదే మాట చెప్పి వస్తాడు. చిన్న కోడ్ కూడా రాశాం: ఏ అక్క సమస్య ఏ దశలో ఉందో చూసుకునే షీట్, పేరు తేడాలని గుర్తుపట్టే స్క్రిప్ట్. తెలుగు పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కేస్తే అదే ఒక ఎన్‌ఎల్‌పీ ప్రాజెక్ట్. లక్ష్మి ఒక్కటే నాలుగు రకాలు దొరికింది మాకు.

ఫైనల్ రివ్యూలో ప్యానెల్‌లో ఒక సార్ అడిగిన ప్రశ్న: 'ఇందులో ఇన్నోవేషన్ ఎక్కడుందమ్మా?' పక్క టీమ్ వాళ్లు కెమెరాతో చెత్తని వేరు చేసే మోడల్ చూపించారు, బాగుంది, లైట్లు కూడా వెలిగాయి. మా దగ్గర ఒక కాగితం, ఒక షీట్.

ఆ ప్రశ్నని నేను కొట్టిపారేయను. మేం ఇంజినీరింగ్ చదువుతున్నాం, కాగితం పంచడానికి నాలుగేళ్లు అక్కర్లేదు అని ఆయన ఉద్దేశం. అందులో న్యాయం ఉంది. చాట్‌బాట్ కట్టి ఉంటే నేను స్పీచ్ మోడల్స్ గురించి ఇంకా నేర్చుకునేదాన్ని, అదీ నిజమే. కానీ మా రూబ్రిక్‌లో నావెల్టీకి మార్కులున్నాయి, డెమోకి ఉన్నాయి, రిపోర్ట్ ఫార్మాట్‌కి కూడా ఉన్నాయి. 'వాడేవాళ్లు ఇప్పటికీ వాడుతున్నారా' అనే గడి లేదు. గడి లేని పని ఎవరు చేస్తారు? ఆ రూబ్రిక్ ముందు పెడితే 108కి కూడా నావెల్టీలో సగం మార్కులే వస్తాయి. ఈ-సాగు కొరియర్ సీడీలకి 'పాత టెక్నాలజీ' అని రిమార్క్ పడుతుంది.

పైస్థాయిలో దీని గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. కేంద్రం 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ మొదలుపెట్టి కాలేజీలు ఊళ్లని దత్తత తీసుకోవాలంది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ పిల్లలకి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి చేసింది. గంటలు లెక్కపెట్టడం తేలిక, అందుకే గంటలతో కొలుస్తారు. గుంటూరులో డిగ్రీ చదివే మా కజిన్ తన లాగ్‌బుక్ చూపించింది, చక్కగా సర్వే చేసింది, గ్రాఫులు గీసింది. ఆ సర్వే ఫలితం ఆ వీధివాళ్లకి ఎవరు చెప్పారని అడిగితే, అలాంటి కాలమ్ లేదంది.

నా సూచన చిన్నదే. ఈ కోర్సు మార్కుల్లో పావు వంతు ఆపి ఉంచాలి. తర్వాతి సెమిస్టర్ మధ్యలో వాడేవాళ్లలో ఇద్దరికి ఫోన్ చేసి అడిగి, అప్పుడు వేయాలి. రెండోది, కొత్త బ్యాచ్‌లో కనీసం సగం టీమ్‌లు పాత ప్రాజెక్టులనే తీసుకోవాలి. ఎపిక్స్ చేసేది ఇంచుమించు ఇదే. దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, నాకు తెలుసు. ఫ్యాకల్టీకి ఇప్పటికే క్లాసులు ఎక్కువ. థర్డ్ ఇయర్‌లో అందరి దృష్టీ ప్లేస్‌మెంట్ల మీదే. రెజ్యూమెలో 'సీనియర్ల ప్రాజెక్ట్ కొనసాగించాను' అని రాస్తే బాగోదని ఒక ఫ్రెండ్ అన్నాడు. నవ్వొచ్చింది. వాడు చేరాలని కలలు కంటున్న కంపెనీల్లో వాడికి ఇచ్చే పని మొత్తం అదే, ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్‌ని కొనసాగించడం.

మా ప్రాజెక్ట్‌కి గ్రేడ్ వచ్చేసింది, క్రెడిట్లు పడిపోయాయి. శనివారాలు మాత్రం నడుస్తున్నాయి. ఫస్ట్ ఇయర్ నుంచి ముగ్గురు జూనియర్లు చేరారు, వాళ్లలో ఒకమ్మాయిది పాలమూరు. ఆమె మాట్లాడితే అక్కలు మాకంటే రెండింతలు ఎక్కువ చెప్తున్నారు. వాళ్ల కోసం ఒక నోట్‌బుక్ తయారుచేశాం: ఎవరెవరి పని ఎక్కడ ఆగింది, పీఎఫ్ ఆఫీస్‌లో ఏ కాగితం ఏ కౌంటర్‌లో తీసుకుంటారు, షిఫ్ట్ టైమింగ్స్ ఎప్పుడు మారతాయి. పేరు తేడాలు కొన్ని సరయ్యాయి. ఆరేళ్ల అక్క రెండు నంబర్ల సంగతి ఇంకా తేలలేదు. పాత ఖాతాలో పేరు దిద్దడానికి అప్పటి కాంట్రాక్టర్ ఆమోదం కావాలి, ఆ కాంట్రాక్టర్ ఆఫీస్ ఇప్పుడు ఆ అడ్రస్‌లో లేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా పీఎఫ్ వ్యవహారాలు చూసే వాళ్లుంటే, ఆడిటర్లు గానీ హెచ్‌ఆర్‌లు గానీ, ఒక గంట మాకు కావాలి. శనివారం మూడున్నరకి, రాయదుర్గం మెట్రో కింద, షేర్ ఆటోలు ఆగే వైపు.